12 అంకెలు పేస్ట్ చేస్తే 10 అందాయి: జాంగో ఫారం తప్పుల్ని ఎక్కడ వెతకాలి

ఒక స్కాలర్‌షిప్ దరఖాస్తు ఫారం ఉందనుకుందాం. అందులో ఆధార్ నంబరుకు ఒక గడి. విద్యార్థి తన నంబరును ఫోన్‌లోని పాత మెసేజ్‌లోంచి కాపీ చేసి, గడిలో పేస్ట్ చేసి, సబ్మిట్ కొట్టాడు. ‘ఆధార్ నంబరులో 12 అంకెలు ఉండాలి’ అని ఎర్ర అక్షరాలతో వచ్చింది. మళ్లీ పేస్ట్ చేశాడు, మళ్లీ అదే మాట. ఆ రోజే ఆఖరి తేదీ, ఒకటే టెన్షన్. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి “12 అంకెలూ ఉన్నాయండీ, రెండుసార్లు లెక్కపెట్టాను” అన్నాడు. అవతల డెవలపర్ అలాంటి నంబరే తన కంప్యూటర్లో టైప్ చేసి చూశాడు. ఫారం చక్కగా వెళ్లిపోయింది. “మా దగ్గర బాగానే ఉంది, మీరే ఎక్కడో తప్పు కొడుతున్నారు” అని జవాబు వచ్చింది.

ఇద్దరూ ఉన్నమాటే చెబుతున్నారు. ఆధార్ కార్డు మీద నంబరు నాలుగేసి అంకెల చొప్పున మూడు గుంపులుగా ఉంటుంది, మధ్యలో రెండు ఖాళీలు. అలాగే కాపీ అయితే 14 అక్షరాలు. ఫారంలో ఆ ఫీల్డ్‌కు ‘మాక్స్_లెంగ్త్’ (గరిష్ఠ పొడవు) 12 అని రాసి ఉంది. ఆ ఫారంను నడిపేది జాంగో, పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్. అది ఆ 12ను సర్వర్ దగ్గరే ఉంచుకోదు, పేజీలోని గడికి కూడా అదే హద్దు పెడుతుంది. దాంతో బ్రౌజర్, పేస్ట్ చేసినదాంట్లో మొదటి 12 అక్షరాలు ఉంచి చివరి రెండు అంకెల్నీ చడీచప్పుడు లేకుండా కత్తిరించింది. సర్వర్‌కు అందినవి 10 అంకెలు, రెండు ఖాళీలు. మొత్తం పొడవు 12 కాబట్టి మొదటి పరీక్ష దాటింది. తర్వాత ఖాళీలు తీసేసి అంకెలు లెక్కపెట్టే కోడ్ దగ్గరికి వచ్చేసరికి 10 తేలాయి. డెవలపర్ ఖాళీలు లేకుండా వరసగా టైప్ చేశాడు గనక ఈ తేడా ఆయనకు కనబడే వీలే లేదు.

ఫారం తప్పులన్నిటికీ ఈ గుణం ఉంది. కనిపించే చోటు ఒకటి, పుట్టే చోటు మరొకటి. వినియోగదారు వేలి కింద నుంచి డేటాబేస్ అరలోకి చేరేలోపు ఒక విలువ ఏడెనిమిది చేతులు మారుతుంది. ఎర్రర్ మెసేజ్‌ని పట్టుకుని దానిచుట్టూ తిరిగితే గంటలు గడుస్తాయి. విలువ వచ్చిన దారి వెంట నడిచి, ఏ చేతిలో అది మారిందో చూస్తే చాలాసార్లు పది నిమిషాల్లో తేలిపోతుంది. ఇక్కడ ఉదాహరణలన్నీ జాంగోవి. ఫారంలను ఇంత పద్ధతిగా పరీక్షించే ఫ్రేమ్‌వర్కులు తక్కువ, ఆ పద్ధతి తెలియకుండానే దాన్ని వాడేవాళ్లు మాత్రం చాలామంది.

పరీక్షల వరస

వ్యూలో, అంటే వచ్చిన రిక్వెస్ట్‌కు జవాబిచ్చే కోడ్‌లో, ‘ఈజ్_వ్యాలిడ్’ అని పిలిచినప్పుడు జరిగే పనికి ఒక కచ్చితమైన క్రమం ఉంది. ప్రతి ఫీల్డూ ముందు ‘టు_పైథాన్’ ద్వారా, వచ్చిన అక్షరాల్ని తేదీగానో సంఖ్యగానో మారుస్తుంది. తర్వాత ‘వ్యాలిడేట్’, ఖాళీగా వదిలేశారా అన్నది ఇక్కడ తేలుతుంది. ఆ తర్వాత ‘రన్_వ్యాలిడేటర్స్’, పొడవు హద్దులు, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు (అక్షరాల వరస ఎలా ఉండాలో చెప్పే నమూనాలు) ఇక్కడ పనిచేస్తాయి. ఈ మూడూ దాటాకే మనం రాసుకున్న ‘క్లీన్_ఆధార్’ లాంటి మెథడ్‌కు వంతు వస్తుంది. అన్ని ఫీల్డులూ అయ్యాక మొత్తం ఫారం మీద ‘క్లీన్’ నడుస్తుంది. మోడల్‌ఫారం అయితే, అంటే డేటాబేస్ పట్టికను వర్ణించే ‘మోడల్’ నుంచి తయారైన ఫారం అయితే, ఆ పైన మోడల్ సొంత పరీక్షలు కూడా ఉంటాయి.

ఈ వరస కంఠతా వస్తే సగం బగ్గులు చూడగానే తెలిసిపోతాయి. ‘ఖాళీలు తీసేసే కోడ్ రాశాను కదా, అయినా పొడవు ఎక్కువైందని ఎందుకంటోంది’ అనే ప్రశ్న తరచూ వినబడుతుంది. ఆ కోడ్ ‘క్లీన్_ఆధార్’లో ఉంటే అది నాలుగో వంతు, పొడవు పరీక్ష మూడోది. మూడో గుమ్మం దగ్గరే ఆగిపోయిన విలువ నాలుగో గుమ్మం దాకా రాదు, ఆ మెథడ్‌ను జాంగో పిలవనే పిలవదు. పొడవు పరీక్షకు ముందే విలువను శుభ్రం చేయాలంటే ఆ పని ‘టు_పైథాన్’లోనే జరగాలి.

మరో బగ్గు ఇంకా వింతగా కనిపిస్తుంది. ఫారం అన్నీ సరిగ్గా నింపితే బాగానే ఉంటుంది, ఎవరైనా ఒక తేదీ ఖాళీగా వదిలేస్తే మాత్రం ఎర్రర్ మెసేజ్‌కు బదులు ఏకంగా 500 పేజీ (సర్వర్‌లో కోడ్ కూలిందని చెప్పేది) వస్తుంది. కారణం ఇది. ఒక ఫీల్డ్ పరీక్షలో తప్పితే జాంగో దాన్ని, పరీక్ష దాటిన విలువలుండే ‘క్లీన్డ్_డేటా’లోంచి తీసేస్తుంది, కానీ ‘క్లీన్’ను మాత్రం పిలుస్తుంది. అక్కడ ‘ముగింపు తేదీ ప్రారంభ తేదీ కంటే ముందుందా’ అని పోల్చే కోడ్, లేని తేదీని నేరుగా అడిగితే కీఎర్రర్ వచ్చి కూలిపోతుంది. ‘గెట్’తో అడిగి, రెండూ ఉన్నప్పుడే పోల్చితే సరిపోతుంది. తప్పు నింపినవాడికి తప్పేమిటో చెప్పడానికే ఫారం ఉన్నది. ఆ మనిషి పొరపాటు చేసిన క్షణంలోనే అది కూలిపోవడం చిన్న లోపం కాదు.

‘క్లీన్_పేరు’ లాంటి మెథడ్ చివర ‘రిటర్న్’ మరచిపోవడం ఇంకోటి. పైథాన్ అప్పుడు ‘నన్’ (ఏమీ లేదు) ఇస్తుంది, సరిగ్గా నింపిన విలువ మాయమైపోతుంది. మామూలు ఫారంలో అయితే ఎర్రర్ కూడా రాదు. మోడల్‌ఫారంలో వచ్చే మెసేజ్‌ని కాస్త జాగ్రత్తగా చదవాలి. ఫారం ఫీల్డ్ ఖాళీగా ఉంటే జాంగో ‘దిస్ ఫీల్డ్ ఈజ్ రిక్వైర్డ్’ అంటుంది. మోడల్ ఒప్పుకోకపోతే ‘దిస్ ఫీల్డ్ కెనాట్ బి నల్’ అంటుంది. నింపి పంపిన గడికి ఈ రెండో మాట వచ్చిందంటే, ఫారం పరీక్షలు దాటాక ఎవరో మధ్యలో విలువను పోగొట్టారని అర్థం. మెసేజ్‌లో ఒక్క మాట తేడా, వెతకాల్సిన ఫైలు ఏదో చెప్పేస్తుంది. మొత్తం ఫారం మీద నడిచే ‘క్లీన్’కు మాత్రం జాంగో 1.7 నుంచి ‘రిటర్న్’ లేకపోయినా ఫర్వాలేదు. ఆ అలవాటును ఫీల్డ్ మెథడ్‌కు కూడా తెచ్చుకోవడం వల్లే చాలామంది ఇక్కడ దెబ్బతింటారు.

అసలు సర్వర్ దాకా వచ్చిందా

బటన్ నొక్కితే ఏమీ జరగదు. ఎర్రర్ లేదు, పేజీ కదలదు, సర్వర్ లాగ్‌లో ఒక్క లైను కూడా పడదు. పైథాన్ కోడ్‌లో ఎంత వెతికినా ఇది దొరకదు, ఎందుకంటే పైథాన్ దాకా ఏదీ రాలేదు. జాంగో 1.10 నుంచి తప్పనిసరి ఫీల్డులకు పేజీలోనే ‘రిక్వైర్డ్’ గుర్తు పెడుతోంది. అలాంటి గడిని జావాస్క్రిప్ట్ దాచేసిందనుకోండి, బ్రౌజర్ ‘ఇది నింపలేదు’ అని ఆపుతుంది, ఆ మాట చూపించడానికి మాత్రం కంటికి కనిపించే గడి ఉండదు. కన్సోల్ తెరిస్తే అక్కడ ఒక ఎర్ర లైను కనిపిస్తుంది. అంచెలంచెలుగా తెరుచుకునే పొడవాటి దరఖాస్తుల్లో, ‘అవును అంటే కింది వివరాలు నింపండి’ తరహా ప్రశ్నల దగ్గర ఇది దాదాపు ప్రతి ప్రాజెక్టులోనూ ఒకసారైనా ఎదురవుతుంది. దాచిన గడికి ‘రిక్వైర్డ్’ తీసేసి, ఆ షరతును సర్వర్ వైపు ‘క్లీన్’లో రాయడమే దారి.

అందుకే మొదటి చూపు బ్రౌజర్ నెట్‌వర్క్ ట్యాబ్ మీద పడాలి. రిక్వెస్ట్ వెళ్లిందా, వెళితే పేలోడ్‌లో (పంపిన డేటాలో) ఏ పేర్లతో ఏ విలువలు ఉన్నాయి? 403 వచ్చిందంటే చాలావరకు అది సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ (ఫారం మన సైటు నుంచే వచ్చిందని రుజువు చేసే రహస్య గుర్తు) గొడవ, ఫారం దాకా రాకముందే ఆగిపోయింది. ఫైలు జత చేసినా ‘ఫైలు ఇవ్వలేదు’ అంటే, ఫారం ట్యాగ్‌లో మల్టీపార్ట్ అని రాయలేదు, లేదా వ్యూలో ‘రిక్వెస్ట్.ఫైల్స్’ను ఫారంకు అందించలేదు. చేత్తో రాసిన టెంప్లేట్‌లో (పేజీ హెచ్‌టీఎంఎల్ నమూనాలో) గడి పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా, గడి పేర్ల ముందు ప్రిఫిక్స్ పెట్టిన ఫారంలో ఆ ప్రిఫిక్స్ మరచినా, నింపిన గడి సర్వర్ లెక్కలో ఖాళీయే. పేలోడ్ చూస్తే ఇవన్నీ ఒక్క నిమిషంలో బయటపడతాయి.

ఎర్రర్ ఉంది, చూపించేవాళ్లే లేరు

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంటుంది ఈ రకం. ‘ఈజ్_వ్యాలిడ్’ కాదంటోంది, పేజీ మీద మాత్రం ఎక్కడా ఎర్రర్ కనిపించదు. కారణం ఎప్పుడూ ఫారం దగ్గరే ఉంటుంది. ‘ఫారం.ఎర్రర్స్.యాజ్_డేటా’ అని ఒకసారి ప్రింట్ చేస్తే ఏ ఫీల్డ్‌లో ఏ కోడ్‌తో తప్పిందో మొత్తం చెబుతుంది. దీన్ని ప్రింట్ చేయకుండా కోడ్ మార్చడం మొదలుపెట్టడమే అన్నిటికంటే ఎక్కువ సమయం తినే అలవాటు.

అది ప్రింట్ చేసినా ఖాళీగానే వస్తే? ఎర్రర్లు లేవు, అయినా సరైనది కాదంటోంది. ఆ లక్షణానికి ఒకటే అర్థం, ఫారంకు డేటా అందలేదు. జాంగో భాషలో అది అన్‌బౌండ్. ‘ఈజ్_బౌండ్’ అడిగితే కాదని వస్తుంది. వ్యూలో ‘రిక్వెస్ట్.పోస్ట్’ ఇవ్వడం మరచిపోయి ఉంటారు, లేదా ఇనిషియల్ అనే పేరుతో ఇచ్చి ఉంటారు. ఫారం ‘ఇనిట్’ను తిరగరాసి, పై క్లాసుకు ఆర్గ్యుమెంట్లు అందించకపోయినా ఇంతే.

ఎర్రర్లు ఉండి కూడా తెర మీదికి రాకపోతే వ్యూ చివరి లైన్లు చూడాలి. పరీక్ష తప్పాక అదే ఫారంను మళ్లీ టెంప్లేట్‌కు ఇవ్వాలి. కొత్త ఖాళీ ఫారం తయారుచేసినా, రీడైరెక్ట్ చేసినా, ఎర్రర్లూ వినియోగదారు నింపినదంతా కూడా పోతాయి. టెంప్లేట్‌ను ఫీల్డ్ ఫీల్డ్‌కూ చేత్తో రాసుకున్నప్పుడు ‘నాన్_ఫీల్డ్_ఎర్రర్స్’ను చూపించే లైను మరచిపోతే, ‘క్లీన్’లో పుట్టిన తప్పులకు పేజీలో చోటుండదు. దాచిన ఫీల్డుల తప్పులూ అంతే. ఫారంసెట్‌లో (ఒకే పేజీలో ఒకే రకం ఫారంలు అనేకం) అయితే, ఎన్ని ఫారంలున్నాయో లెక్క ఉంచే మేనేజ్‌మెంట్ ఫారం రాశారో లేదో ముందు చూడాలి. జాంగో 3.2కు ముందు అది లేకపోతే పేజీ కూలిపోయేది, ఇప్పుడు నాన్‌ఫారం ఎర్రర్‌గా వస్తోంది, కాబట్టి దాన్ని చూపించకపోతే అసలు విషయం తెలియదు.

తప్పును ఒప్పుకునే ఫారం

సరైనదాన్ని తిరస్కరించే ఫారంతో కనీసం ఒక మేలుంది, ఎవరో ఒకరు ఫోన్ చేసి తిడతారు. తప్పుడు విలువను సరే అనే ఫారం గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు. ఏడాది తర్వాత తెలుస్తుంది, అప్పటికి చేయగలిగిందేమీ ఉండదు. ఈ రెండో రకానికి మన దగ్గర ఎక్కువగా కనిపించే రూపం తేదీ.

కొత్త జాంగో ప్రాజెక్టు మొదలుపెడితే సెట్టింగ్స్‌లో భాష అమెరికన్ ఇంగ్లిష్ అని ఉంటుంది. దాన్ని మార్చాలని చాలామందికి తట్టదు, పేజీలోని మాటలు ఎలాగూ టెంప్లేట్‌లో రాసుకుంటారు కదా. కానీ ఆ ఒక్క సెట్టింగే తేదీ ఫీల్డ్ ఏ రూపాల్ని ఒప్పుకుంటుందో నిర్ణయిస్తుంది. అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు తర్వాత. ఇప్పుడు ఒకరు పుట్టినతేదీ 15/08/2004 అని టైప్ చేశారు. 15వ నెల లేదు కాబట్టి ‘సరైన తేదీ ఇవ్వండి’ అని తిరస్కరిస్తుంది. ఇంకొకరు ఆగస్టు 5 ఉద్దేశంతో 05/08/2004 అని టైప్ చేశారు. ఫారం సంతోషంగా ఒప్పుకుని మే 8 అని దాచుకుంటుంది.

నెలలో 13 నుంచి ఆ పై తేదీల్లో పుట్టినవాళ్లే ఫిర్యాదు చేస్తున్నారా అని చూడండి. ‘కొందరికే వస్తోంది, ఎందుకో తెలియదు’ అని మొదలయ్యే టికెట్లలో ఇదొకటి. ఆ కొందరు అదృష్టవంతులు. ఫిర్యాదు రాని 1 నుంచి 12 తేదీల వాళ్లలో, రోజూ నెలా ఒకటే అయినవి 12 తేదీలు తీసేస్తే, ఏడాదిలో 132 తేదీలు తిరగబడి నిలవుంటాయి. వయసు లెక్కగట్టి అర్హత తేల్చే చోట ఆ తిరగబడ్డ తేదీ ఒక విద్యార్థికి సీటు పోగొట్టగలదు. తర్వాత ఫారం బాగుచేసినా పాత రికార్డుల్లో మే 8 అని ఉన్నది నిజంగా మే 8నో, ఆగస్టు 5నో కోడ్ చెప్పలేదు. అసలు కాగితాలు తీసి చూడాల్సిందే.

మార్గాలు రెండు. తేదీ ఫీల్డ్‌కు ‘ఇన్‌పుట్_ఫార్మాట్స్’లో రోజు ముందుండే రూపాన్నే రాయడం ఒకటి. విడ్జెట్‌ను, అంటే తెర మీద గడి రూపాన్ని, బ్రౌజర్ క్యాలెండర్‌గా మార్చడం రెండోది, అప్పుడు తెర మీద ఎలా కనిపించినా సర్వర్‌కు ఎప్పుడూ ఏడాది, నెల, రోజు వరసలోనే వస్తుంది. రెండోదానిలో ఒక మెలిక ఉంది. భాషను బ్రిటిష్ ఇంగ్లిష్‌కు మార్చి క్యాలెండర్ విడ్జెట్ వాడితే, పాత రికార్డును ఎడిట్‌కు తెరిచినప్పుడు తేదీ గడి ఖాళీగా కనిపిస్తుంది. జాంగో రోజు ముందుండే రూపంలో విలువ ఇస్తుంది, బ్రౌజర్ క్యాలెండర్‌కు ఏడాది ముందుండాలి. చూసుకోకుండా సేవ్ కొడితే, తప్పనిసరి కాని తేదీ అయితే అది చెరిగిపోతుంది కూడా. విడ్జెట్‌కు ఫార్మాట్‌ను విడిగా రాయాలి.

టిక్ బాక్సు కూడా ఇలాంటిదే. టిక్ పెట్టని బాక్సు గురించి బ్రౌజర్ సర్వర్‌కు ఏమీ పంపదు. జాంగోలో చేత్తో రాసుకున్న బూలియన్ (అవును/కాదు) ఫీల్డ్ తప్పనిసరి అన్న లెక్కతోనే మొదలవుతుంది, అంటే టిక్ పెట్టి తీరాలి. ‘నిబంధనలు అంగీకరిస్తున్నాను’ అనే చోట అది సరే. ‘మీరు దివ్యాంగులా?’ అనే ప్రశ్నకు అదే ఫీల్డ్ వాడితే ఏమవుతుంది? కానివాళ్లు కూడా టిక్ పెట్టందే ఫారం కదలదు. ఆఖరి తేదీ దగ్గరపడ్డ మనిషి గత్యంతరం లేక టిక్ పెట్టేస్తాడు, దాంతో ఫారమే ఆ మనిషి చేత అబద్ధం చెప్పించినట్టవుతుంది. ‘రిక్వైర్డ్’ను ఫాల్స్ చేయడానికి పట్టేది ఒక్క లైను.

‘రమ’ సరే, ‘సీత’ తప్పా

తెలుగులో పేరు రాయమనే ఫారంలు పెరుగుతున్నాయి, మంచిదే. పేరులో గుర్తులు, కోడ్ ముక్కలు రాకూడదని డెవలపర్ ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ పెడతాడు. ఇంగ్లిష్ అక్షరాలకే పరిమితం చేస్తే తెలుగు రాదని తెలిసి, అన్ని భాషల అక్షరాలకూ సరిపోతుందని చెప్పే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ వాడతాడు. ‘రమ’ అని పరీక్షిస్తాడు, వెళుతుంది. ‘కమల’, ‘వనజ’ కూడా వెళతాయి. సర్వర్‌లో పెట్టాక ‘సీత’ రాదు, ‘విమల’ రాదు, ‘లక్ష్మి’ రాదు.

పైథాన్ ఆ గుర్తును అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ అని అర్థం చేసుకుంటుంది. యూనికోడ్ లెక్కలో తెలుగు హల్లులూ అచ్చులూ అక్షరాలే. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న మాత్రం అక్షరాలు కావు, అక్షరాలకు చేర్చే గుర్తులు. అంటే తలకట్టు తప్ప ఏ గుణింతమూ ఒత్తూ లేని పేర్లే బతికి బట్టకడతాయి. ‘రమ’లో అలాంటి గుర్తు లేదు, ‘సీత’లో దీర్ఘపు గుడి ఉంది. ఇది ఎవరి సొంత కోడ్‌లోనో ఉన్న పొరపాటు మాత్రమే కాదు. జాంగోతో వచ్చే యూజర్ మోడల్‌లో యూజర్‌నేమ్ పరీక్ష కూడా ఇదే గుర్తు మీద నిలబడింది, అక్కడా ఇదే ఫలితం. పేరు ఫీల్డ్‌కు ఇలాంటి కట్టడి అసలు అవసరమా అన్నది ముందు అడగాల్సిన ప్రశ్న. టెంప్లేట్‌లో చూపించేటప్పుడు జాంగో కోడ్ ముక్కల్ని తానే నిర్వీర్యం చేస్తుంది. కట్టడి లేకపోవడమే నయం. తప్పదంటే తెలుగు యూనికోడ్ పరిధి మొత్తాన్నీ, ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో ఒత్తు పడకుండా ఆపే కనిపించని అక్షరాన్నీ కలుపుకోవాలి.

అంకెల దగ్గర ఇదే కథ తిరగబడుతుంది. పది అంకెల మొబైల్ నంబరుకు బ్యాక్‌స్లాష్ డి (ఏదైనా అంకె) పెడితే, అది ౯౮ లాంటి తెలుగు అంకెల్నీ ఒప్పుకుంటుంది. ఫారం దాటి వెళ్లి, ఓటీపీ పంపే చోట ఆగిపోతుంది. అక్కడ 0 నుంచి 9 అని విడిగా రాయడమే సరైన పని.

పొడవు లెక్క కూడా తెలుగు పేర్లను దెబ్బతీస్తుంది. ‘వెంకటసత్యనారాయణమూర్తి’ అన్నది చదివేవాళ్లకు 11 అక్షరాలు. కంప్యూటర్‌కు గుణింతాలు, పొల్లులు విడివిడిగా లెక్కకొచ్చి 21. హద్దు 20 అని పెట్టిన ఫారం ఆ పెద్దమనిషి పేరును పట్టనివ్వదు, అదీ ఇంటిపేరు రాయకముందే. ఇంగ్లిష్ పేర్లు చూసి పెట్టిన హద్దును తెలుగుకు కనీసం రెండింతలు చేయాలి.

పొడవుకే సంబంధించి భాషతో పనిలేని చిక్కు మరొకటి. పెద్ద గడిలో 500 అక్షరాల హద్దు ఉంది, బ్రౌజర్ సరిగ్గా 500 దగ్గర ఆపింది, సర్వర్ మాత్రం 509 ఉన్నాయని తిప్పి పంపింది. ఎంటర్ కొట్టిన ప్రతిచోటా బ్రౌజర్ ఒకటి లెక్కపెడుతుంది, పంపేటప్పుడు దాన్ని రెండు అక్షరాలుగా మారుస్తుంది. ఎక్కువైన 9 అన్నది తొమ్మిదిసార్లు ఎంటర్ కొట్టారని చెబుతోంది. మెసేజ్‌లోని సంఖ్యల్ని పట్టించుకుంటే చాలు.

లాప్‌టాప్‌లో వెళ్లి సర్వర్‌లో ఆగేవి

మొబైల్ నంబరును మోడల్‌లో ఇంటీజర్ (పూర్ణసంఖ్య) ఫీల్డ్‌గా పెట్టడం కొత్తవాళ్లు తరచూ చేసే పని. లాప్‌టాప్‌లో ఎస్‌క్యూలైట్ డేటాబేస్ మీద అంతా సవ్యంగా ఉంటుంది. సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ మీదికి మారగానే ప్రతి నంబరుకూ ‘విలువ 2147483647 కంటే ఎక్కువ ఉండకూడదు’ అని వస్తుంది. ఆ సంఖ్య ఎక్కడిదని కోడ్ అంతా వెతికినా కనబడదు, ఎందుకంటే అది ఎవరూ రాయలేదు. డేటాబేస్ ఇంటీజర్ పరిమితిని బట్టి జాంగో తానే ఆ హద్దు పెడుతుంది. ఎస్‌క్యూలైట్‌కు ఆ ఇరుకు లేదు. మన మొబైల్ నంబర్లు 6 నుంచి 9 లోపు అంకెతో మొదలవుతాయి కాబట్టి ఒక్కటీ ఈ పరీక్ష దాటదు. ఫోన్ నంబరుతో కూడికలు చేయం, అది అక్షరాల ఫీల్డ్. పరీక్షించే డేటాబేస్, నడిపే డేటాబేస్ ఒకటే రకం కావాలన్నది దీంతో పాటు నేర్చుకోవాల్సిన సంగతి.

జిల్లాల జాబితా ఇంకో ఉదాహరణ. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. తెలంగాణలో 2016 అక్టోబర్‌లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కు చేరాయి. కోడ్‌లో జిల్లాల పేర్లు నేరుగా రాసేసిన ఫారంలో అనకాపల్లి వాళ్లకు తమ జిల్లా దొరకదు. జావాస్క్రిప్ట్ జాబితాలో కొత్త పేర్లు చేర్చి, సర్వర్ వైపు జాబితా మార్చకపోతే, ఎంచుకున్న జిల్లానే ‘అందుబాటులో ఉన్నవాటిలో లేదు’ అంటుంది. జాబితాను డేటాబేస్‌లో పెట్టినా, ఫారం క్లాసు రాసేచోటే దాన్ని చదివేస్తే, కొత్త జిల్లా చేర్చాక సర్వర్ రీస్టార్ట్ చేసేదాకా కనబడదు. ‘రీస్టార్ట్ చేస్తే సరైపోయింది’ అన్న మాట వినబడితే అనుమానించాల్సింది దీన్నే. ఫంక్షన్‌గా ఇచ్చినా, మోడల్ ఛాయిస్ ఫీల్డ్ వాడినా ప్రతిసారీ తాజాగా చదువుతుంది.

పాత రికార్డుల బాధ వేరు. ఎక్సెల్ నుంచి ‘బల్క్_క్రియేట్’తో ఒకేసారి ఎక్కించిన డేటా ఏ పరీక్షా దాటి రాలేదు, మోడల్ ‘సేవ్’ కూడా తనంతట తాను పరీక్షలు నడపదు. రెండేళ్ల తర్వాత ఒకావిడ తన ఫోన్ నంబరు మార్చుకుందామని వస్తే, ఆమె ముట్టుకోని పిన్‌కోడ్ తప్పని ఫారం ఆపేస్తుంది. ఆమె చేసిన తప్పేమీ లేదు. డేటా ఎక్కించే స్క్రిప్టులో మోడల్ పరీక్షలన్నీ నడిపే ‘ఫుల్_క్లీన్’ పిలిచి ఉంటే ఆ తప్పు ఆ రోజే దొరికేది.

రెండు ఫీల్డులు కలిపి ఒకటే ఉండాలన్న నిబంధన, అంటే యూనిక్ టుగెదర్, అందులో ఒక ఫీల్డ్ ఫారంలో లేకపోతే మోడల్‌ఫారం ఆ పరీక్షను వదిలేస్తుంది. లాగిన్ అయిన విద్యార్థిని వ్యూలో చేర్చి, కోర్సును మాత్రమే ఫారంలో అడిగే చోట ఇది మామూలే. ఒకే కోర్సుకు రెండోసారి దరఖాస్తు చేస్తే ఫారం సరే అంటుంది, సేవ్ దగ్గర ఇంటెగ్రిటీ ఎర్రర్‌తో కూలుతుంది. విద్యార్థిని ఫారంకు ముందే అందించి ‘క్లీన్’లో చూసుకోవాలి. అలా చూసుకున్నా, ఒకే క్షణంలో రెండు రిక్వెస్టులు వస్తే రెండూ పరీక్ష దాటే వీలుంది. అందుకే డేటాబేస్‌లోని నిబంధన తీయకూడదు, సేవ్ దగ్గర ఆ ఎర్రర్‌ను పట్టుకుని మర్యాదగా చెప్పే కోడ్ కూడా ఉండాలి.

మళ్లీ ఆధార్ గడి దగ్గరికి

మొదటి విద్యార్థి ఫిర్యాదును ఎలా ఛేదించాలి? ఆయన పేస్ట్ చేసినట్టే ఖాళీలతో సహా 14 అక్షరాలున్న ఒక ఉత్తుత్తి నంబరు తీసుకుని, బ్రౌజర్ లేకుండా, జాంగో షెల్‌లో (కోడ్‌ను లైను లైనుగా నడిపి చూసే చోట) నేరుగా ఫారంకు ఇవ్వాలి. అప్పుడు వచ్చే మెసేజ్ ‘12 అక్షరాలు మించకూడదు, 14 ఉన్నాయి’ అని. విద్యార్థి చూసిన మెసేజ్ ‘12 అంకెలు ఉండాలి’ అని. రెండూ వేర్వేరు పరీక్షల దగ్గర పుట్టినవి. ఒకే విలువకు రెండు చోట్ల రెండు మాటలు వచ్చాయంటే, సర్వర్‌కు అందినది ఆ విలువ కాదు. షెల్‌కూ విద్యార్థికీ మధ్య తేడా బ్రౌజర్ ఒక్కటే. పేలోడ్ తెరిస్తే చివరి రెండు అంకెలు లేవు.

బాగుచేసేటప్పుడు ఇంకో మెలిక ఎదురవుతుంది. విడ్జెట్‌లో హద్దును 20 అని రాసినా ప్రయోజనం ఉండదు, ఫీల్డ్‌లోని 12 దానిమీద తిరగరాస్తుంది. ఫారం ఫీల్డ్‌లో ‘మాక్స్_లెంగ్త్’ను పూర్తిగా తీసేయాలి. ‘టు_పైథాన్’లో ఖాళీలు, అడ్డగీతలు తీసేసి, 0 నుంచి 9 లోపు అంకెలు సరిగ్గా 12 ఉన్నాయా అని ఒక వ్యాలిడేటర్‌తో చూడాలి. ఆధార్‌లో చివరి అంకె వర్హోఫ్ పద్ధతిలో లెక్కగట్టిన తనిఖీ అంకె, కాబట్టి అదీ సరిచూస్తే ఒక అంకె తప్పు కొట్టినవాళ్లకు అక్కడికక్కడే తెలుస్తుంది. ఎర్రర్ లాగ్‌లో మాత్రం ఫీల్డ్ పేరు, ఎర్రర్ కోడ్, వచ్చిన విలువ పొడవు చాలు. ఆ నంబరు ఎవరిదో వాళ్లది, దాన్ని లాగ్ ఫైల్లో రాసిపెట్టే హక్కు డెవలపర్‌కు లేదు.

తర్వాత రెండు టెస్టులు రాసి పెట్టాలి. ఖాళీలున్న 14 అక్షరాలు ఇస్తే ఫారం ఒప్పుకుని 12 అంకెలు దాచుకోవాలన్నది ఒకటి. పేజీలో ఆ గడికి 14 కంటే తక్కువ హద్దు పడకూడదన్నది రెండోది. ఆర్నెల్ల తర్వాత ఎవరో కొత్త డెవలపర్ ‘ఆధార్ 12 అంకెలే కదా’ అని ఆ హద్దును మళ్లీ చేర్చబోతే, ఆ రెండో టెస్టు అడ్డుపడుతుంది.